మూడో రోజు

మూడో రోజున తెచ్చేవారు,
కళ్ళు తెరవకముందే.
అరటిపళ్ళ బుట్టలో పాత తువ్వాలు,
దాని మీద ఏడో ఎనిమిదో
వెచ్చటి గుప్పెళ్ళు.
దొండపర్తి ఆస్పత్రిలో నా పని పట్టుకోవడం.
కొయ్యడం డాక్టరు గారి పని.
ఈ తేడాని ఇరవై రెండేళ్ళు
జేబులో రుమాల్లా మడిచి దాచుకున్నాను.

"నొప్పి తెలీదండీ, ఇంకా నరాలు రాలేదు"
అనేవారాయన, కత్తెర స్పిరిట్లో ముంచుతూ.
బయట బెంచీ మీద వాళ్ళకి
నేనూ అదే అప్పజెప్పేవాణ్ణి.
నరాలు రానిదానికి
నా చిటికెనవేలు ఎలా దొరికేదో మరి.
చీకట్లో వెతుక్కుని నోట పెట్టుకునేది
పాలనుకుని.
టక్కుమన్నప్పుడు
చీకడం ఆపేది.
ఒక్క క్షణం.
మళ్ళీ చీకేది, ఇంకా గట్టిగా.
ఆ ఆగిన క్షణం గురించి
ఎవరికీ చెప్పలేదు నేను.

మల్కాపురం బంగారునాయుడు గారు
ఏటా ఒక ఈత తెచ్చేవారు.
"తోకుంటే డాబర్‌మనేటి?
ఊరకుక్కనుకోరా? నా గేటుకి పరువేటి?"
జాలరిపేట ఇసకలో పడుకున్నవాటికి
తోకలు పూర్తిగా ఉంటాయి,
ఎవరి గేటుకీ పరువు కానందుకు.
నాకప్పుడు ఆ మాట తప్పని తోచలేదు.
మా నాన్న నన్ను పెంచిందీ అలాగే:
"తోక జాడించావో, కత్తిరిస్తాను."
బళ్ళో మేష్టారూ అదే.
జీతం పెంచమన్న రోజు డాక్టరు గారూ అదే, నవ్వుతూ.
మన భాషలో ఆ మాటకి
రక్తం రాదు.

ట్రేలో మిగిలేవి
బెండకాయ ముచ్చికలంతవి.
కాయితంలో చుట్టి, సాయంత్రం ఇంటికెళ్తూ
కాన్వెంటు జంక్షను దగ్గర గెడ్డలో పడేసేవాణ్ణి.
సైకిలు ఆపకుండానే.
మా పాప బొడ్డు ఊడిన రోజు
మా అత్త దాన్ని వెండి తాయెత్తులో పెట్టించింది,
తల్లి ఒంట్లో ముక్కని.
ఆ సాయంత్రం గెడ్డ దాటేశాను,
చెయ్యి లేవలేదు.
పొట్లం క్యారేజీ సంచిలో ఇంటిదాకా వచ్చేసింది.
తెల్లారి మళ్ళీ మామూలే.

ఇప్పుడు నీలోఫర్ మేడమ్ వచ్చారు.
"జబ్బుకి కోస్తాను, గాయానికి కోస్తాను,
అందానికి కొయ్యను" అన్నారు.
నాయుడు గారు బుట్టెత్తుకుని వెళ్ళిపోయారు.
గాజువాకలో ఎవడో రబ్బరుబ్యాండు కడతాట్ట.
వారం తిరిగేసరికి దానంతటదే రాలిపోతుందట.
అంటే, పట్టుకునే చెయ్యి కూడా
అక్కర్లేదన్నమాట.

నిన్న మందులివ్వడానికి మల్కాపురం వెళ్ళాను.
గేటు దగ్గర ముసలి రాణి.
పదకొండేళ్ళ కిందట నా అరచేతిలో పట్టింది.
నన్ను చూసి
నడుం కాణ్ణించి వెనకంతా ఊగింది.
తోకుండాల్సిన చోట బొటనవేలంత మొండి
ఇటూ అటూ, ఇటూ అటూ.
మన వాక్యానికి క్రియ చివర ఉంటుంది.
అది కోసేస్తే
"నేను నిన్ను" దగ్గరే ఆగిపోతుంది.
గుర్తుపట్టిందో, భయపడిందో,
ఎవరొచ్చినా ఇంతేనో,
తేల్చి చెప్పే ముక్క
ఎప్పుడో గెడ్డలో కొట్టుకుపోయింది.

గేటు ఊచల్లోంచి
చిటికెనవేలు చాపాను.
వాసన చూసింది.
చాలాసేపు చూసింది.