నీళ్ళు పట్టుకునే రోజు

జూన్ ఒకటిన పెన్సకోలాలో పండగేమీ లేదు.
అయినా ఇనుప సామాన్ల దుకాణం ముందు బారెడు వరస.
నేనూ నిలబడ్డాను, ఏం కొనాలో తెలియకుండానే.
ముందున్నాయన బండిలోకి తొంగిచూసి
ప్లైవుడ్డు, బ్యాటరీలు, తాడు
నా బండిలోనూ వేసుకున్నాను,
పరీక్షలో పక్కవాడి కాగితం చూసినట్టు.

నాకు వాన కొత్త.
కళ్యాణదుర్గం అవతల మా పక్క
మబ్బు పట్టినా ఆరేసిన బట్టలు తియ్యరు.
"దీని మొగం, ఇది కురిసేదా" అంటారు.
మాకు పేర్లుండేది కరువులకు.
డొక్కల కరువని ఒకటి, మా జేజి నోట విన్నాను.
ఇక్కడ గాలికి పేర్లు.
ఇంకా పుట్టనివాటికి బారసాల చేసి
అక్షరాల వరసన జాబితా రాసిపెడతారు.
నా పేరుందేమోనని వెతికాను.
ఉరుకుందమ్మ.
ఆ అక్షరాన్ని వాళ్ళు వాడనే వాడరట.
ఎందుకో కాస్త చిన్నబుచ్చుకున్నాను.

పక్కింటి డెలోరిస్ ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపింది.
తన గ్యారేజీ గోడ చూపించింది.
పెన్సిలు గీతలు, పిల్లలు ఏ ఏడు ఎంత పొడుగయ్యారో.
వాటి నడుమనే నీలంరంగు గీతలు,
నీళ్ళు ఏ ఏడు ఎంత పొడుగయ్యాయో.
పదకొండేళ్ళ కొడుకు కంటే
నీళ్ళు జానెడు ఎత్తు.

పాత దినపత్రికలో చుట్టి నాకొక గొడ్డలి ఇచ్చింది.
"అటక మీద పెట్టుకో" అంది,
"నీళ్ళు తరిమితే పైకెక్కుతావు కదా,
ఎక్కినాక కప్పు కొట్టుకుని బయటపడాలి."
ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పినంత మామూలుగా.
తుమ్మ మొద్దులు కొట్టే గొడ్డలే నాకు తెలుసు.
ఆ రాత్రి పడుకుని కప్పు వైపే చూశాను,
ఎక్కడ పల్చగా ఉంటుందో అని.

ఆసుపత్రిలో కాగితం ఇచ్చారు.
తుఫాను లోపల ఉండే జట్టా, తర్వాత వచ్చే జట్టా?
ల్యాబులో అందరూ గబగబా టిక్కు పెట్టారు.
నేను మొదటి గడిలో పెట్టాను.
ధైర్యం కాదు,
ఒక్కదాన్నే గొడ్డలితో ఉండటం కంటే నయమని.

ఆగస్టు చివర్లో కబురొచ్చింది.
డెలోరిస్ ఫోన్: "తొట్టి నింపు. గిన్నెలన్నీ నింపు."
అప్పటిదాకా తడబడిన నా చేతులకు
ఆ ఒక్కమాటతో అంతా గుర్తొచ్చింది.
పది రోజులకొకసారి, తెల్లారి నాలుక్కి
కొళాయి గురగురమంటే లేచి
బిందె, గంగాళం, కుక్కరు, చెంబు,
చివరికి మందు కొలిచే మూత దాకా.
అక్కడ నీళ్ళు రావని,
ఇక్కడ నీళ్ళు వస్తాయని.
చేతులకు తేడా తెలియలేదు.
తొట్టి అంచుదాకా నిండినప్పుడు
నాకు భయం వేయాల్సింది,
కలిగిన ఇంటిదాన్నైనట్టు అనిపించింది.

వేరుశనగలు, అటుకులు, పాసుపోర్టు
ఒకే సంచిలో వేసుకుని డ్యూటీకి పోయాను.
రెండో రాత్రి గాలి పడమటికి మళ్ళింది.
టీవీ మ్యాపులో ఇంకో ఊరు ఎర్రబడింది.
క్యాంటీనులో చప్పట్లు మొదలై
సగంలో ఆగాయి.
అక్కడ ఎవరెవరి తొట్లు నిండి ఉన్నాయో.

ఇంటికొచ్చేసరికి వీధంతా ఆకులు, కొమ్మలు.
ప్లైవుడ్డు తీస్తూ డెలోరిస్ కేకేసింది,
"బిరడా లాగెయ్, తల్లీ!"
లాగడానికి వంగాను. వేళ్ళు మాట వినలేదు.
చెంబు ముంచాను.
తడిసి ముద్దైన నేల మీదే
ఆమె మందారాలకు పోశాను, ఒకటి, రెండు, ఇరవై.
ఆమె నన్ను చూసింది, నవ్వలేదు.
లోపలికెళ్ళి ఒక బకెట్టు తెచ్చుకుంది.

సగం తొట్టి దగ్గర
నేనే ఆగాను.
ఇంకా సెప్టెంబరు ఉంది.