నూట పన్నెండో పేజీ

నన్ను చదవమన్నారు.
గొడ్డలి పట్టే చేతులకి పుస్తకం ఇచ్చి
బావి పక్కన నిలబెట్టారు.
మేయరు గారు మెడలో పట్టీ సర్దుకుంటున్నాడు,
బ్యాండువాళ్లు నీడ వెతుక్కుంటున్నారు.
అన్సెల్మో విదిగాల్ పుట్టి నూటపాతికేళ్లు,
ఊరికి సున్నం కొట్టి నాలుగు రోజులు.
గోడల అడుగున నీలం చార ఇంకా చేతికి అంటుతోంది.

లిస్బన్ నుంచి రెండు బస్సులొచ్చాయి.
దిగినవాళ్లు మా మిట్టల్ని
చుట్టాల్ని పలకరించినట్టు పలకరించారు.
అదిగో గొర్రెల దారి, అదిగో కూలిన గానుగ,
ఇరవయ్యో పేజీలో గాలి ఇక్కడే కదా వీచింది అని.
వీచింది. ఇప్పుడూ వీస్తోంది.
ఒకామె అడవి లావెండరు తుంచి
పేజీల మధ్య పెట్టుకుంది.

ఆయన మా ఊళ్లో ఉన్నది మూడే మూడు వేసవులు.
సత్రం మేడ మీది గదికి అద్దె బాకీ పెట్టి పోయాడని
సత్రం వాళ్ల మనవడు ఇప్పటికీ తిడతాడు,
తిడుతూనే ఆ గదికి టికెట్టు అమ్ముతాడు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి.
బెండు చెట్టు ఒలిచేటప్పుడు వచ్చే చప్పుడు,
పాత చొక్కా చిరిగినట్టూ కాదు,
వానకి ఉబ్బిన తలుపు తెరుచుకున్నట్టూ కాదు,
ఆ రెంటికీ నడిమిది,
దాన్ని రాసినవాడు ఇంకొకడు లేడు.
ఒలిచిన మాను మొదటిరోజు పసుపు,
నెలకి ఇటుకరంగు,
ఏడాదికి మాడిన కాఫీగింజ.
రోజూ చూస్తూ మేం చూడనిది
ఆయన రాశాక చూశాం.

ఇక నూట పన్నెండో పేజీ.
అందులో మా నాయనమ్మ చచ్చిపోతుంది.

పేరు మార్చాడు. ఫెలిజార్దా అని నవలలో ఎవరు పెడతారు?
కుడి కనుబొమ మీది మచ్చ మార్చలేదు,
మేకని తిట్టే తిట్టు మార్చలేదు.
పద్దెనిమిదేళ్ల పిల్ల, కూలి ఎగ్గొట్టిన ఆసామి,
ఆగస్టు రాత్రి, ఈ బావి.
దేశమంతా ఏడ్చిందట.
ఆవిడ మటుకు తొంభైయొక్కేళ్లు బతికింది.
ఏడుగుర్ని కంది, సంతలో జున్ను అమ్మింది,
తూకంలో ఒక్కసారీ మోసపోకుండా పోయింది.

చదువు రాదు. నాకు పదేళ్లప్పుడు
చిక్కుళ్లు వలుస్తూ చదవమంది.
చదివాను. ఆవిడ చేతులు ఆగాయి.
"ఆగస్టులోనా? అప్పుడు ఈ బావిలో నీళ్లు
మోకాటి లోతైనా ఉండవే!
ఎలా చచ్చానట?" అని పకపకా నవ్వింది.
నవ్వి, కాసేపాగి, మళ్లీ చదవమంది.
మూడోసారికి తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుని
"పాపం, ఆ పిల్ల" అంది,
పక్కూరి పిల్ల ఎవరో పోయినట్టు.

మాకు గొడ్డలి నేర్పేటప్పుడు ఒక్కటే చెబుతారు.
బెండు కింద ఒక పొర ఉంటుంది, దాన్ని తల్లి అంటాం.
బెండు నీది, తల్లి చెట్టుది.
తల్లికి గాటు పడిందా, అక్కడ ఇంకెప్పుడూ బెండు పట్టదు.
పడకపోతే తొమ్మిదేళ్లాగి మళ్లీ రా.
విదిగాల్ చెయ్యి ఎంత లోతు దిగిందో
ఆవిణ్ణి అడగాల్సింది.
అడగలేదు.

చదివాను, తడబడకుండానే.
జనం తలలు వంచారు. ఒకాయన కళ్లద్దాలు తీశాడు.
చప్పట్లు, బ్యాండు, మేయరు గుడ్డ లాగితే
పాలరాయి మీద ఆయన పేరు,
కింద ఆ పిల్ల పేరు, పోయిన రాత్రి తారీఖుతో సహా.
ఎండలో గొడవెందుకని ఊరుకున్నాను.

అందరూ ఫలకం ముందు ఫొటోలకి నిలబడితే
బస్సులో వచ్చిన కుర్రాడొకడు
గులకరాయి ఏరి బావిలో వేశాడు.
టక్.
వాడు తలెత్తి నా వంక చూశాడు.
"మోకాటి లోతు కూడా లేవు" అన్నాను.