తడిస్తే గొర్రె వాసన

నరీన్‌లో మంచు కిటికీ సగందాకా పేరుకున్న పూట
అత్త జిపార్‌గుల్ నా ఫోను లాక్కుంది.

నాలుగు వారాలుగా నేను రాసిందంతా చదివింది:
"మెత్తదనానికి మరో పేరు",
"మీ పాదాలకు రాజసం".
తెల్లగుడ్డ మీద ఉన్నిజోళ్లు,
పాస్‌పోర్టు ఫొటోకి బిగుసుకున్నట్టు.

ప్రకటనలకు పోసింది పన్నెండు వేల సోమ్‌లు,
ఒక గొర్రె ఖరీదు.
చూసినవాళ్లు తొమ్మిది వేలమంది.
కొన్నది మాత్రం మా బడి లెక్కల మాస్టారు,
అదీ మొహమాటానికి.

"ఎవరివిరా ఈ మాటలు?
ఇవి కుట్టిన చేతివి కావు" అంది.

సబ్బునీళ్లకు పగిలిన వేలితో
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది:

మడమ దగ్గర రెండు పొరలు వేశాను.
ఎడమది కుడిదానికన్నా నూలుపోగంత పెద్దది,
నా చూపు అలాంటిది.
మొదటి వారం తడిస్తే గొర్రె వాసన వస్తుంది.
గిట్టనివాళ్లు కొనవద్దు.

చెరిపేద్దామనుకున్నాను.
అసలే అమ్మబోతే అడవి,
ఈవిడ దానికి ముళ్లకంచె కూడా కడుతోంది!

ఫొటో కూడా మార్చింది.
పదకొండు చలికాలాలు తొడిగిన తన సొంత జత,
బొటనవేలి దగ్గర మాసికతో,
పొయ్యి పక్కన, పిల్లి తోక అడ్డంగా.

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
నాలుగో రాత్రి ఏదో ఓడరేవు నుంచి ఒకాయన:
"ఆ వాసన వారమేనా?
ఎక్కువ రోజులుండేవి చెయ్యగలరా?"

అత్త నవ్వలేదు.
లేచి, మూలనున్న ఉతకని ఉన్నిమూట విప్పుతూ
"కొలత అడుగు" అంది.