తాడుకు ఈ కొసన

అత్తాపూర్ల ఫర్నిచర్ దుకాణం మీద
నాలుగో అంతస్తు డాబా నా నౌకరి.
నేను కాపలా కాసేది సోఫాలకు కాదు,
సోఫా బొమ్మ ఏసుకుని ఆకాశంల నిలబడ్డ
ఎర్ర బెలూనుకు.

మొదటి దినమే రియాజ్ సేఠ్ ఒక కాగితం ఇచ్చిండు.
ప్లాస్టిక్ కవర్ల పెట్టి
నీళ్ల ట్యాంకు పైపుకు సుతిలితోని కట్టిన.
పొద్దుగాల చాయ్ తాగుకుంట చదువుత.
తొమ్మిదో తరగతి తప్పినోన్ని,
ఏ పాఠమూ ఇంత మంచిగ రాలే నాకు:

తాడు ఇంతకు మించి ఇడవొద్దు.
తాడుకు ఇంత దూరానికో జెండా,
ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.
మబ్బు కిందికొస్తే బెలూను దించాలె.
చీకటి పడితే దీపం వెలగాలె.
తెగిపోతే
దాని గాలి అదే ఇడుసుకోవాలె.
మనిషి లేకుంట ఎగరెయ్యొద్దు.

గీ ఆఖరి మాట నా గురించే.
పేరు రాయలే గని, అండ్ల నేనున్న.

జెండాలు అనసూయ కుట్టింది,
పందిరి గుడ్డ మిగిలితే.
"విమానం తోలెటోళ్లకు కుట్లు కనబడ్తయా?"
"కుట్లు కనబడవు, గుడ్డ కనబడ్తది."
అయినా రెండు వరసలు ఏసింది,
ఊడితే ఎవరు ఎక్కి కడ్తరని.

పక్క డాబా మీద అజ్మత్.
పన్నెండేండ్లు, వేళ్ల నిండ గీతలు.
దూల్‌పేట పతంగి, సాదా దారం.
"గింత ఎత్తు వద్దురా, నీకు గూడ కాయిదా ఉన్నది" అంటే
"నా పతంగే కాగితం గద చాచా,
దానికి ఇంకో కాగితమెందుకు?" అంటడు.
అన్నంక ఇంత దారం చుట్టుకుంటడు,
నన్ను ఖుషీ చెయ్యనీకె.

శంషాబాద్ల దిగేటి విమానాలు
మా మీదికెళ్లి పోవు, జర పక్కకు పోతయి.
కడుపు తెరిచి చక్రాలు బయటపెట్టుడు కనబడ్తది.
ఎవ్వరూ చెయ్యి ఊపరు.
నేను గూడ ఊపను.
ఎరుపు, తెలుపు, ఎరుపు,
గదే మా మాట.

ఆ దినం ఎండకాలం పొద్దుగూకే యాళ్ల
మేనేజర్ కిందికెళ్లి పిలిచిండు:
దీవాను లారీల ఎక్కించాలె, మనిషి తక్కువైండు.
పది నిమిషాలు.
దీవాను టేకుది, బరువు.
దుమ్ము లేచింది. షట్టర్లు కొట్టుకున్నయి.
నేను మెట్లు ఎక్కేటాల్లకు
చరఖీ ఒట్టిగ తిరుగుతున్నది.

కాగితం కింద ఫోన్ నంబరు.
చేసిన.
అవతలి మనిషి గొంతు పెంచలే.
"రంగు?" ఎరుపు.
"తాడు ఎంత వేలాడుతోంది?" సగం కన్న ఎక్కువ.
"ఏ దిక్కుకు?"

కింద దుమ్మంత మెహదీపట్నం దిక్కు ఉరుకుతున్నది.
గదే చెప్పబోయిన.
"నై చాచా!" అజ్మత్ గోడ మీదికెక్కిండు.
"పైన గాలి వేరే.
ఇప్పుడే దించిన నా పతంగి, ఎయిర్‌పోర్టు దిక్కే గుంజింది."
వేలు చూపించిండు. కొత్త గీత,
ఇంకా నెత్తురు తడి.

వేలును నమ్మిన. "దక్షిణానికి" అన్న.
"తెగినప్పుడు మీరెక్కడున్నారు?"
"కింద. దీవాను మోస్తున్న."
అటు కొంచెం సప్పుడు లేదు.
"రాసుకున్నాం."

దిగబోయిన ఒక విమానం మళ్ల లేచింది,
పెద్ద సున్న చుట్టింది మా మీద.
లోపల ఎవరో గడియారం చూసుకుని తిట్టుంటరు.
తిట్టుకోని.
ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని,
అన్నం తినుకుంట గూడ తిట్టుకోని.

తెల్లారి బుద్వేల్ల దొరికింది,
బర్రెల కొట్టం రేకుల మీద.
ఇత్తడి మూత తెరుచుకుని ఉన్నది,
చెప్పినట్టే గాలి ఇడుసుకున్నది.
సోఫా ముడతలు పడ్డది.
తాడు పురి ఊడింది గని
జెండాలు ఒక్కటి గూడ ఊడలే.
అనసూయకు చెప్తే
"మరి?" అన్నది, గంతే.

సేఠ్ వారం జీతం కోసిండు.
కొత్త తాడు, కొత్త ముడి.
కవర్ల నుంచి కాగితం తీసి
అజ్మత్ పెన్ను అడుక్కుని
ఆఖరి మాట కింద ఇంకోటి రాసిన:
మేనేజర్ పిలిచినా
దీవాన్లు మొయ్యొద్దు.