ఇంకో ఉల్లిపాయ

సాల్మియా బడిలో ఆఖరి పీరియడు.
ఎర్రుల్లి పొర ఒలిచి నఫీసా
గాజుపలక మీద పరిచింది.
లెన్సు కింద ఊదారంగు ఇటుకల గోడ.

గల్ఫ్ రోడ్డు ఒడ్డున
నిన్న సీసాకెత్తిన సముద్రం,
ఒక్క చుక్క.
గోడలు కదల్లేదు. లోపలి రంగు మాత్రం
అంచులొదిలి ముద్దగా ముడుచుకుంది.

"చచ్చిపోయాయా మిస్?"
"ఎలా తెలుస్తుంది?" అన్నాను.

గోరు కొరుక్కుంది.
కాగితంతో ఉప్పునీరు అద్దేసి
కుళాయి నీళ్లు వేసి కన్ను ఆనించింది.
ఊదా మెల్లగా
గోడల దాకా తిరిగొచ్చింది.

ఇక్కడ కుళాయిలో వచ్చేదీ ఆ సముద్రమే,
ఉప్పు వదిలించుకుని.

"అయితే ఉప్పే మిస్, ఉప్పే!"
పక్కన, ఉప్పు తగలని స్లైడు
ఎప్పటిలాగే ఉంది.

నాలుక చివరిదాకా వచ్చిన శెభాష్‌ను మింగి
"రేపు ఇంకో ఉల్లిపాయ తే" అన్నాను.