కుడి తలుపు కూడా నాదే

చిలకపాలెం దగ్గర ఆవు అడ్డొచ్చి
లారీ సడన్ బ్రేకు కొడితే
గుడ్డ కప్పిన కొత్త కారుకి
ఎడమ వెనక తలుపు సొట్ట పడింది.
ఇంకా పేరైనా పెట్టని కారు. ఎవరి కంటా పడకూడదట.
రాత్రికి రాత్రి మూతబడ్డ రైసుమిల్లు గోడౌన్లోకి తోసి
నాకోసం మనిషిని పంపారు.

"తవిటయ్యా, సప్పుడు సెయ్యకుండా సుత్తి కొట్టగలవేటి?"
గౌరునాయుడు అడిగిన తీరుకి నవ్వొచ్చింది గానీ
కొట్టాను.
చెక్కదిమ్మ ఆనించి, లోపల్నుంచి,
నిద్రపోయే బిడ్డ వీపు తట్టినట్టు
తెల్లారేదాకా.

పొద్దున్నే ఇర్ఫాన్ దిగాడు,
మూడుకాళ్ల స్టాండు మీద లేజరు పెట్టుకుని.
ఫొటోకి కాదు, కొలతకి.
ఎర్ర గీత ఒకటి కారంతా తడుముకుంటూ పోతుందట,
తాకిన చోటల్లా ఒక చుక్క రాసుకుంటుందట.
కోట్ల చుక్కలతో కంప్యూటర్లో కారు కట్టి
ఏ మంచుకొండ మీదికైనా ఎక్కిస్తారట.
అసలు కారు మాత్రం
ఈ ఊక వాసన దాటక్కర్లేదు.

ఒక్కటే చిక్కు. మెరిసేది లేజరుకి ఆనదు.
ముప్పయ్యేళ్లుగా నేను పట్టిన పాలిషంతా
దాని కళ్లకి చీకటే.
అందుకని ఒళ్లంతా తెల్లమందు కొట్టారు
నీళ్లుపోసిన పిల్లకి పౌడరు అద్దినట్టు.
ఆపైన నల్లబిళ్లలు. దిష్టిచుక్కలు అనుకున్నాను,
మరీ నూటపదా!
తుడవడానికి నన్ను ఉండమన్నారు.

గీత నా తలుపు మీదికి వచ్చింది.
ఊపిరి బిగబట్టాను.
తెర చూసి ఇర్ఫాన్ అన్నాడు:
"ఇక్కడ వెంట్రుక మందం ఎత్తుందన్నా."
తెలుసు.
నా బొటనవేలు తెల్లారగట్లే చెప్పింది,
చెప్పి ఊరుకోమంది.

కుడిపక్కకి లేజరు పట్టే చోటు లేదు.
గోడదాకా గోనెబస్తాలు, వాటి సందున ఎలకలు.
"అక్కర్లేదు, సగం చాలు" అన్నాడు.
"రెండో సగం అద్దంలోలా తిప్పేస్తాం."

గుడ్డ తడిపి వచ్చేసరికి
తెల్లమందు దానంతటదే హరించుకుపోయింది,
కర్పూరం లాగ.
బిళ్లలు గీకినందుకు మూడొందలిచ్చారు.
సొట్ట డబ్బులకి జీఎస్టీ నంబరు అడిగారు.
అది నాకు లేదు.
డబ్బులు ఇంకా రాలేదు.

దసరాలకి డే అండ్ నైట్ జంక్షన్లో హోర్డింగు లేచింది.
మంచుకొండ మలుపులో కారు,
వీపున ఏ ఊరిదో ఎండ.
కనిపిస్తున్నది కుడిపక్క. ఆ తలుపు నేను ముట్టనైనా లేదు.
అయినా దాని అంచు దగ్గర
వెలుగు రవ్వంత తడబడి సర్దుకుంది,
అచ్చం నా ఎడమ తలుపు మీదలాగే.

"ఏటలా సూస్తన్నావు?" అన్నాడు గౌరునాయుడు.
"ఏట్లేదు."
టీ గ్లాసు మీద బొటనవేలు దానంతటదే జరిగింది.

అంతలో నాగావళి వైపునుంచి గాలి లేచి
ఫ్లెక్సీ లోపలికి పోయింది. తలుపు సొట్ట పడింది.
మళ్లీ ఆ గాలే వెనకనుంచి
ఫట్మని ఒక్కటే దెబ్బ.
సమంగానే వచ్చింది.
చప్పుడే కాస్త ఎక్కువ.