రిమార్కుల గడి

కర్నూల్లో గాలి బరువెంతో
తూచి చెప్పేది నేనే.
కాంట్రాక్టు ఉద్యోగం, నాలుగు నెలల జీతం బాకీ.
వారానికి రెండు దినాలు
మేడమీది మిషన్లో తెల్లకాగితం పెడతా,
ఎనిమిది గంటలకొకటి మారుస్తా.
పెట్టేటప్పుడు అన్నం రంగు,
తీసేటప్పుడు పొయ్యిగడ్డ రంగు.
తేడా గ్రాములో వెయ్యో వంతుల్లో ఉంటాది.
మా సూపరింటెండెంటు నవ్వుతాడు,
"దీనికా మద్దిలేటీ, ఇంత రాద్ధాంతం?"

ఏమీ చెయ్యలేదంటే నా నోరు పడిపోతుంది.
ఊడ్చే బండి కొన్నారు.
రాజ్‌విహార్ నుంచి కలెక్టరేటు దాకా
బుద్ధిమంతుడి మాదిరి తిరుగుతాంది,
సందుల్లోకి మాత్రం దాని ఒళ్ళు పట్టదు.
నీళ్ళు చిమ్మే ఫిరంగి కొన్నారు.
కొండారెడ్డి బురుజు కాడ మొదటిసారి చిమ్మినప్పుడు
పిల్లోళ్ళు తడవడానికి ఉరికొచ్చినారు.
నేనూ తడిసినా, అబద్ధమెందుకు.
డివైడరు పొడుగునా కానుగ మొక్కలు నాటినారు.
మే నెలలో ట్యాంకరు రాలేదు.
కట్టిన కర్రలు మాత్రం నిటారుగా నిలబడుండాయి.
బండల పాలిషు షెడ్లకు నోటీసులిచ్చినారు.
గోడకంటించిన నోటీసు మీద చెయ్యి పెడితే
అక్షరాలు కాదు, నా వేలిముద్ర కనబడింది.
ఊరి బయటి చెత్తదిబ్బ అంటారా,
అది రాత్రిపూట దానంతటదే అంటుకుంటుందని
ఫైల్లో రాసుంది.

మార్కులేసే బృందం వస్తాందని తెలిసిన సోమవారం
సూపరింటెండెంటు టీ తెప్పించినాడు. అప్పుడే అనుకున్నా.
"మిషను ఒక వారం తుంగభద్ర గట్టు మీదికి మార్చు.
ఆడ గాలీ కర్నూలుదే కదప్పా."
మాటలో తప్పేం లేదు.
భుజాన మోసింది నేనే,
మూడు మెట్లెక్కి, వైరు లాగి, నది వైపు మూతి తిప్పి.
ఫిరంగి బండి చుట్టూ మూడుమార్లు ప్రదక్షిణ చేసింది.
సాయంత్రం తీస్తే
కాగితం పెట్టినానా లేదా అని నాకే అనుమానమొచ్చింది.

ర్యాంకొచ్చింది.
వేదిక, శాలువాలు, ఫొటోలు.
నాకో పొట్లం ఇచ్చినారు, కారాబూందీ, మైసూర్‌పాకు.
మైసూర్‌పాకు బాగుంది.

బళ్ళారి చౌరస్తా కాడ సర్వీసు రోడ్డు
సుంకులమ్మది.
తెల్లారి నాలుగింటికే పొడి చీపురుతో
రాత్రంతా లారీలు పోసిపోయిన దుమ్మును
ఈ పక్క నుంచి ఆ పక్కకు పంపుతాది.
మధ్యలో చీపురు కాలికి ఆనించి
గూనిగా వంగి దగ్గుతాది.
"ఏమప్పా మిషనోడా,
నీ లెక్కలో నేనుండానా?"
నవ్వి ఊరుకున్నా.
ఆ నవ్వు ఇంటిదాకా వెంటొచ్చింది.

మరుసటి దినం
తూచి పెట్టుకున్న కాగితమొకటి నాలుగు మడతలేసి
ఆమె మూతికి కట్టుకునే గుడ్డలో పెట్టిచ్చినా.
సర్కారు కాగితం. లెక్కలో ఒకటి తక్కువైతే
నా జీతంలో కోత. జీతమొస్తే కదా.
ఏడింటికి తెచ్చిచ్చింది.
"ఇదో, నీ కాగితం. ఊపిరాడలా దీంతో."
విప్పి చూసినా.
రెండు ముక్కుపుటాలు, నల్లగా, పక్కపక్కన.
కింద పెదాల గీత.
మా నగరంలో నేను తీసిన కాగితాల్లో
మనిషి మొగముండేది ఇదొక్కటే.

తడి కాగితం తూచకూడదని రూలు.
గాజుపెట్టెలో, నీలం గుళికల పక్కన
ఒక రాత్రంతా పెట్టాల.
మనిషి ఊపిరంతా ఎగిరిపోయి
దుమ్ము మాత్రం మిగలాల.
అప్పుడే అది లెక్క.

బల్ల మీద మూణ్ణెల్ల రిపోర్టు తెరిచుంది.
"నగరపాలక సంస్థ చర్యలపై రిమార్కులు" అనే గడి
రెండు వేళ్ళ వెడల్పు.
ఆరేళ్ళుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తాండా,
చేతికి అలవాటైపోయి పెన్ను తనే రాసేస్తాది.
ఈ రాత్రి మూత పెట్టేసినా.

పదకొండింటికి ఫోను.
"రిపోర్టు ఏమాయె మద్దిలేటీ? పొద్దున్నే పంపాల."
గాజుపెట్టె వైపు చూసినా.
"ఆరుతాంది సార్" అన్నా.